గుమ్మం నుంచి నల్లబల్ల దాకా

స్మారకోపన్యాసం అంటే ఒక మనిషిని తలచుకుని ఒక పని గురించి మాట్లాడుకోవడం. పర్చూరు ప్రాంతపు ఈ నల్లరేగడి పల్లెల్లో ఏకోపాధ్యాయ బడులు నడిపిన పంతుళ్లందరి స్మృతికి ఈ నాలుగు మాటలూ అంకితం చేస్తున్నాను. వారి పేర్లు శిలాఫలకాల మీద పెద్దగా లేవు. వారి బడికి గది ఒకటే ఉండేది, కొన్నిచోట్ల అదీ రామాలయం అరుగో, చావడి వసారానో. అయినా ఆ ఏర్పాటులో ఒక గొప్ప న్యాయం ఉండేది. నడక భారం పంతులుది, పిల్లవాడిది కాదు. పంతులు ఊరికి వచ్చేవాడు, బడి పిల్లవాడి గుమ్మానికి దగ్గరగా ఉండేది. కాలం మారింది. ఒకే గదిలో ఒకే పంతులుతో అయిదు తరగతులు నడపడం చదువుకు చాలదని మనమే ఒప్పుకున్నాం, ఆ ఒప్పుకోలు సరైనదే. కానీ బడిని పెద్దది చేసే క్రమంలో నడక భారాన్ని పిల్లల మీదకు మార్చాం. ఆ భారాన్ని మోయడానికి తగిన ఏర్పాటు మాత్రం చేయలేదు. బడికి దూరాన్ని ఊరి నుంచి ఊరికి కాదు, పిల్లవాడి గుమ్మం నుంచి నల్లబల్ల దాకా కొలవాలి. అలా కొలిచిన రోజున బండి, ప్రత్యేక ఉపాధ్యాయుడు, తరగతి గది అనే మూడు వేర్వేరు పద్దులూ ఒకే అవసరానికి మూడు భాగాలని తెలుస్తుంది. ఈ ఉపన్యాసంలో నేను నిరూపించదలచుకున్నది ఇదే.

దూరాన్ని కొలిచే ఆలోచన మనకు కొత్తది కాదు. 1964–66 మధ్య పనిచేసిన కొఠారీ కమిషన్ చిన్న తరగతుల బడి మైలు లోపున, పై తరగతుల బడి ఒకటి నుంచి మూడు మైళ్ల లోపున ఉండాలని చెప్పింది. ఆంధ్రప్రదేశ్ పేరుతోనే చరిత్రకెక్కిన ఉన్నికృష్ణన్ కేసులో 1993లో సుప్రీంకోర్టు, పద్నాలుగేళ్లు నిండేదాకా చదువు ప్రతి పిల్లవాడి హక్కు అని తేల్చింది. ఆ తీర్పు వెలుగులోనే 2002లో 86వ రాజ్యాంగ సవరణ, 2009లో విద్యాహక్కు చట్టం వచ్చాయి. 2010 ఏప్రిల్ 1 నుంచి ఆ చట్టం అమలులో ఉంది. దాని నమూనా నిబంధనల్లో ఒకటి నుంచి అయిదో తరగతి దాకా ఒక కిలోమీటరు, ఆరు నుంచి ఎనిమిది దాకా మూడు కిలోమీటర్ల నడక దూరం అన్నారు. ఈ రెండు అంకెలూ అధికారులకు, ఉపాధ్యాయులకు కంఠోపాఠం. వాటి పక్కనే ఉన్న మరో రెండు మాటలను మాత్రం మనం అంతగా పట్టించుకోలేదు. దారిలో వరద ప్రమాదం, రోడ్డు లేకపోవడం, చిన్నపిల్లలకు అపాయం ఉన్నచోట ఆ దూరాలను ఇంకా తగ్గించాలన్నది మొదటి మాట. వైకల్యం వల్ల బడికి చేరలేని పిల్లలకు తగిన, సురక్షితమైన రవాణా ఏర్పాటుకు ప్రభుత్వం ప్రయత్నించాలన్నది రెండో మాట. అంకెను పట్టుకుని దాని వెనుక ఉన్న కారణాన్ని వదిలేస్తే నియమం కాగితం మీద నెరవేరుతుంది, పిల్లవాడు మాత్రం ఇంటి దగ్గరే ఉండిపోతాడు.

పర్చూరు ప్రాంతాన్నే తీసుకుందాం. 1970 దాకా ఇది గుంటూరు జిల్లా. ఆ ఏడాది ఒంగోలు కేంద్రంగా ఏర్పడి, తర్వాత ప్రకాశం పేరు పెట్టుకున్న జిల్లాలోకి వచ్చింది. 2022 ఏప్రిల్‌లో బాపట్ల జిల్లాలోకి మారింది. చిరునామా మారినా నేల మారలేదు. పర్చూరు, ఇంకొల్లు, కారంచేడు, మార్టూరు, యద్దనపూడి మండలాలన్నీ ప్రధానంగా నల్లరేగడి. పత్తి, మిరప, శనగ, పొగాకు పండే ఈ నేల రైతుకు సిరి. అదే నేల వాన కురిసిన మర్నాడు డొంకదారిలో కాలు పెట్టిన పిల్లకు పరీక్ష. జిగట మన్ను చెప్పుకు పట్టి అడుగడుక్కీ బరువెక్కుతుంది, సైకిల్ చక్రం మడ్‌గార్డుకు బిగుసుకుంటుంది. పర్చూరు వాగు పొంగితే కిలోమీటరు దూరం ఆ పూటకు దాటలేని దూరమవుతుంది. చక్రాల కుర్చీలో కూర్చున్న పిల్లకు వాగే పొంగనక్కరలేదు, రెండు వందల గజాల బురద చాలు. పైగా మన బడి క్యాలెండరు, పంట క్యాలెండరు ఒకదానిపై ఒకటి పడతాయి. దసరా దాటినప్పటి నుంచి పత్తి తీతలు, సంక్రాంతి దాటాక మిరప కోతలు. తెల్లవారకముందే ఆటోలు కూలీల ముఠాలతో నిండి చేలకు పోతాయి. తల్లి కూలికి పోతే, నడవలేని బిడ్డను చంకనేసుకుని బడి దాకా దించే మనిషి ఇంట్లో ఉండదు. దూరం ఇక్కడ కిలోమీటర్లతో పాటు రుతువు మీద, నేల మీద, ఇంట్లో ఖాళీగా ఉన్న చేతుల మీద కూడా ఆధారపడి ఉంది.

ఈ మధ్య కాలంలో దూరం పెరిగిన తీరు కూడా చెప్పుకోవాలి. 1959లో పంచాయతీరాజ్ వ్యవస్థ వచ్చినప్పుడు ప్రాథమిక పాఠశాలలు సమితుల కింద (తర్వాత మండల పరిషత్తుల కింద), ఉన్నత పాఠశాలలు జిల్లా పరిషత్తుల కింద చేరాయి. మండల పరిషత్ బడి ఊళ్లో, జిల్లా పరిషత్ బడి పెద్ద ఊళ్లో అన్న అమరిక అలా స్థిరపడింది. 2022 జూన్‌లో వచ్చిన 117 నంబరు జీవో ఆ అమరికను కదిలించి, మూడు, నాలుగు, అయిదు తరగతులను అనేకచోట్ల దగ్గరి ఉన్నత పాఠశాలలకు తరలించింది. సబ్జెక్టు టీచరు బోధిస్తే చదువు మెరుగవుతుందన్నది దాని ఉద్దేశం. తల్లిదండ్రుల అభ్యంతరం చదువు గురించి కాదు, ఎనిమిదేళ్ల పిల్ల రోడ్డు దాటడం గురించి. 2025 మేలో ఆ జీవోను ఉపసంహరించి, తరగతికో టీచరు ఉండే ఆదర్శ ప్రాథమిక పాఠశాలల పద్ధతి తెచ్చారు. రెండు ప్రభుత్వాల రెండు పద్ధతుల్లోనూ ఒక పోలిక ఉంది. పిల్లలను ఒకచోట చేర్చితేనే తరగతికో టీచరు సాధ్యం, పిల్లలను ఒకచోట చేర్చాలంటే కొందరు దూరం పోక తప్పదు. ఆ కొందరి కోసం సమగ్ర శిక్ష పథకంలో ఉన్న రవాణా భత్యం ఏడాదికి గరిష్ఠంగా 6,000 రూపాయలు. పై ప్రాథమిక తరగతులకు విద్యాహక్కు చట్టం చెప్పిన 220 పనిదినాలకు పంచితే రోజుకు 27 రూపాయలు. ఆటో అన్నది ఊళ్లో ఉండి, ఆ ఆటోలో చోటుండి, ఆ చోటుకు భద్రత ఉంటే ఈ డబ్బుతో ఒక పిల్లవాడు పోయి రావచ్చు. నలుగురే పిల్లలున్న కొట్టాలకు ఆటో ఎవరూ నడపరు. భత్యం ఖర్చును తిరిగి చెల్లిస్తుంది, కానీ లేని బండిని పుట్టించలేదు. ఆడపిల్లలకు, మహిళలకు 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగులో ప్రయాణం ఉచితమైంది. అది నిజంగా మేలైన పని. కానీ బస్సు పోని ఊరికి ఉచిత టికెట్టు చేరదు. బడి గంటకు ముందు ఒకటి, బడి వదిలాక ఒకటి బస్సు ఉన్నప్పుడే ఆ ఉచితం చదువుగా మారుతుంది.

ప్రత్యేక అవసరాలు గల పిల్లల దగ్గరకు వచ్చేసరికి ఈ లెక్క మరింత కఠినమవుతుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో 2.68 కోట్ల మంది వికలాంగులు, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 22 లక్షలకు పైగా. అయిదు నుంచి పంతొమ్మిదేళ్ల వయసున్న వికలాంగుల్లో దేశం మొత్తం మీద 61 శాతం చదువుతుండగా, 27 శాతం ఎన్నడూ బడి గడప తొక్కలేదు. ఒకటికి మించి వైకల్యాలున్న పిల్లల్లో ఎన్నడూ బడికి పోనివారు సగానికి మించి ఉన్నారు. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తింపు పొందే వైకల్యాలను ఏడు నుంచి ఇరవై ఒకటికి పెంచింది. ఆరు నుంచి పద్దెనిమిదేళ్ల దాకా ఉచిత విద్య హక్కన్నది. రవాణా పిల్లలకే కాదు, ఎక్కువ ఆసరా కావలసిన పిల్లల వెంట వచ్చే మనిషికి కూడా ఇవ్వాలన్నది. ఈ చివరి మాట రాసినవారికి వాస్తవం తెలుసు. సెరిబ్రల్ పాల్సీ ఉన్న బిడ్డ ఒంటరిగా ఆటో ఎక్కలేదు, తల్లి వెంట రావాలి, వచ్చిన తల్లికి ఆ రోజు కూలి పోతుంది. మన రాష్ట్రంలో ఈ పిల్లల కోసం మండలానికో భవిత కేంద్రం, అందులో సహిత విద్య ఉపాధ్యాయులు, ఫిజియోథెరపిస్టు వచ్చే రోజు, మంచం పట్టిన పిల్లల ఇళ్లకు పోయి చెప్పే చదువు, ఇవన్నీ ఉన్నాయి. ఈ కేంద్రాల్లో తక్కువ జీతాలకు, ఒప్పంద పద్ధతి మీద ఏళ్ల తరబడి పనిచేసినవారికి మనం ఋణపడి ఉన్నాం. కానీ మండల కేంద్రంలో ఒకే గది, ఆ గదికి చేరడానికి బండి లేని పది పదిహేను ఊళ్లు అన్నప్పుడు, ఆ కేంద్రం ఎవరికి అందుతుంది? మండల కేంద్రంలోనే ఇల్లున్న బిడ్డకు. మిగిలిన బిడ్డలు జాబితాలో ఉంటారు, హాజరుపట్టీలో ఉండరు.

ప్రత్యేక ఉపాధ్యాయుల విషయంలో కదలిక వచ్చింది. 2021 అక్టోబరులో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత, 2022లో కేంద్రం ప్రాథమిక తరగతుల్లో పదిమంది ప్రత్యేక అవసరాల పిల్లలకు, పై ప్రాథమికంలో పదిహేను మందికి ఒక ప్రత్యేక ఉపాధ్యాయుడు ఉండాలని నిర్ణయించింది. 2025 మార్చిలో న్యాయస్థానం రాష్ట్రాలను మళ్లీ కదిలించాక, ఆంధ్రప్రదేశ్ 2,260 ప్రత్యేక విద్యా ఉపాధ్యాయ పోస్టులు మంజూరు చేసింది. ఇక్కడ ఒక ప్రశ్న వేసుకోవాలి. ఆ ఉపాధ్యాయుడు ఎక్కడ కూర్చుంటాడు? అతని దగ్గరకు పిల్లవాడు ఎలా వస్తాడు? పది మందికి ఒకరు అన్న నిష్పత్తి నగరంలోని ఒక పెద్ద బడిలో నెరవేరుతుంది. చెరుకూరులో ఒకరు, నాగులపాలెంలో ఇద్దరు, ఉప్పుటూరులో ఒకరు అన్నట్టు పిల్లలు ఊరూరా చెదిరి ఉండే చోట నిష్పత్తి ఒక్కటే పని చేయదు. టీచరు ఊళ్లు తిరగాలి, లేదా పిల్లలు ఒకచోటికి రావాలి. ఏదైనా అది రవాణా ప్రశ్నే.

ఇక భవనం. విద్యాహక్కు చట్టం అనుబంధం టీచరుకొక గది, అడ్డంకి లేని ప్రవేశం, ఆడపిల్లలకు వేరే మరుగుదొడ్లు, తాగునీరు, వంటగది, ఆటస్థలం, ప్రహరీ ఉండాలంటుంది. 2019 నవంబరు 14న ఒంగోలులోనే ప్రారంభమైన ‘మన బడి నాడు-నేడు’ తొలి విడతలో 15,715 బడులను 3,600 కోట్లకు పైగా ఖర్చుతో బాగుచేశారు. నీళ్లు వచ్చే మరుగుదొడ్డి, ఫ్యాను, బెంచీ, పచ్చబల్ల చూసిన పిల్లల ముఖాల్లో వెలుగు ఏ పార్టీదీ కాదు. దానిని కాదనడం అన్యాయం. కానీ ఈ ప్రాంతపు కట్టడానికి ఈ ప్రాంతపు నేల ఒక షరతు పెడుతుంది. నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించి నెర్రెలిస్తుంది. తేమ మారే పొరలోనే పునాది ఆగిపోతే నేలతో పాటు గోడ కూడా కదులుతుంది. అందుకే రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ ఇలాంటి నేలల కోసం, అడుగున గుండులా వెడల్పయ్యే పైలు పునాదుల పద్ధతిని అభివృద్ధి చేసింది. భవనానికి లోతైన పునాది వేసి, ర్యాంపును మాత్రం తర్వాత ఎప్పుడో పై మట్టి మీద అతికిస్తే ఏమవుతుందో చూడండి. రెండూ వేర్వేరుగా కదులుతాయి. రెండు వేసవులు గడిచేసరికి ర్యాంపుకు, వరండాకు మధ్య నాలుగు వేళ్ల మెట్టు ఏర్పడుతుంది. నడిచే మనిషికి అది కనబడదు. చక్రాల కుర్చీకి అది గోడ. ర్యాంపు కట్టినట్టు రికార్డులో ఉంటుంది, బిడ్డ లోపలికి పోలేదు. ప్రత్యేక అవసరాల పిల్లలను భవనం నక్షాలో మొదటే చేర్చాలి, చివర అతికించరాదనడానికి ఈ నేలే సాక్ష్యం.

ఇప్పుడు మూడింటినీ కలిపి చూద్దాం. బండి ఒక శాఖ, ఉపాధ్యాయుడు ఒక శాఖ, కట్టడం ఒక ఇంజనీరింగు విభాగం. మూడింటికీ మూడు బడ్జెట్లు, మూడు సమీక్షలు. ప్రతి శాఖా తన లక్ష్యం నెరవేర్చానని నిజాయితీగానే చెప్పగలదు. కానీ ఈ మూడూ గుణకారంలా పని చేస్తాయి, కూడికలా కాదు. మూడింటిలో ఏ ఒక్కటి సున్నా అయినా మొత్తం ఫలితం సున్నా. బండి ఉండి టీచరు లేకపోతే పిల్లవాడు వెనక బెంచీలో ఊరికే కూర్చుని తిరిగి వస్తాడు. టీచరు ఉండి బండి లేకపోతే టీచరు ఖాళీ కుర్చీలకు చెప్పాలి. రెండూ ఉండి గది లేకపోతే వరండాలో, వంటపాత్రల చప్పుడు మధ్య, వినికిడి లోపమున్న బిడ్డకు మాట నేర్పాలి. ఐర్లండు దేశపు అనుభవం ఇక్కడ పనికొస్తుంది. 1967లో మంత్రి డొనా ఓ’మాలీ కాలంలో ఉన్నత పాఠశాల చదువు ఉచితం చేసినప్పుడే ఆ దేశం పల్లె పిల్లలకు బస్సు కూడా ఏర్పాటు చేసింది. ప్రాథమికానికి 3.2, ఆపైన 4.8 కిలోమీటర్లకు మించిన దూరమైతే బస్సుకు అర్హత అన్న నియమం దశాబ్దాలు నడిచింది. ఫీజు రద్దు చేస్తే చాలదని, దూరాన్నీ రద్దు చేయాలని వారు గుర్తించారు. అదే దేశంలో నేటికీ ఒక బాధ ఉంది. ప్రత్యేక తరగతుల్లో చోటు తమ ఊరి బడిలో దొరకక పిల్లలు దూరపు బడులకు పోవలసి రావడం, ఆ చోట్ల కోసం తల్లిదండ్రులు ఏటా పోరాడటం. చివరకు ప్రత్యేక తరగతి తెరవమని బడులను ఆదేశించే అధికారాన్ని మంత్రికి చట్టమే ఇవ్వవలసి వచ్చింది. బస్సు లేకపోతే బడి అందదు, నిజమే. అలాగని గది లోటును బస్సుతో పూడ్చుకుంటూ పోతే బిడ్డ రోజులో గంటలు రోడ్డు మీద గడుస్తాయి. రెండు పాఠాలూ మనకు కావాలి.

కూలికి వచ్చే కుటుంబాల పిల్లలు ఈ వాదానికి మరో సాక్ష్యం. కోతల కాలంలో కర్నూలు పడమటి మండలాల నుంచి, కోసిగి, కౌతాళం, మంత్రాలయం వైపుల నుంచి కుటుంబాలకు కుటుంబాలు గుంటూరు, ప్రకాశం మిరప చేలకు తరలి వస్తాయి. మన కల్లాల్లో ఎర్రగా ఆరే పంట వెనుక వారి చేతులున్నాయి. కొందరు పిల్లలు సొంత మండలాల్లోని సీజనల్ హాస్టళ్లలో ఉండిపోతారు, మిగిలినవారు తల్లితో పాటు చేనిగట్టుకు చేరతారు. వలస వచ్చిన కుటుంబాల పిల్లలను చేర్చుకునే బాధ్యత స్థానిక సంస్థదేనని విద్యాహక్కు చట్టం తొమ్మిదో సెక్షన్ స్పష్టంగా చెప్పింది. వారి గుడారాలు ఊరికి దూరంగా, పొలాల్లో ఉంటాయి. వారికి మూడు నెలల పాటు ఒక బండి, బడిలో అదనంగా కొన్ని బెంచీలు, మధ్యలో వచ్చిన పిల్లలను దారిలో పెట్టే ఒక టీచరు కావాలి. మళ్లీ అవే మూడు. మన పంటకు కూలీ కావలసినప్పుడు ఆ కూలీ బిడ్డకు బెంచీ కూడా మన పూచీయే.

దీనికి వచ్చే అభ్యంతరాలు తేలికైనవి కావు. ఖర్చు మొదటిది. పిల్లల సంఖ్య తగ్గుతున్న ప్రభుత్వ బడుల కోసం బండ్లు ఎక్కడి నుంచి తేవాలి అంటారు. కానీ బడులను కలపడం వల్ల ప్రభుత్వానికి పొదుపు జరుగుతుంది. ఊరికో గది, ఊరికో టీచరు అక్కరలేకపోవడం వల్ల మిగిలేది ఆ పొదుపే. ఆ మిగులు దూరమైన పిల్లవాడి నుంచి వచ్చింది కనుక, ముందుగా అతని బండికే ఖర్చు కావాలి. ముందు బండి, తర్వాత విలీనం అన్న క్రమం తప్పితే పొదుపు పేరుతో మనం చేసేది ఖర్చును ప్రభుత్వం పద్దులోంచి తల్లి కూలిలోకి మార్చడమే. చిన్న బడులన్నీ కలపాలనీ అనను, కలపకూడదనీ అనను. బండి తిరగలేని చోట చిన్న బడే ఉండాలి, అక్కడ ఏకోపాధ్యాయ బడి ఇంకా న్యాయమే. బండి తిరిగే చోట పెద్ద బడి మేలు.

ప్రైవేటు బడుల పసుపు బస్సులు ఊరూరికీ వస్తున్నాయి, తల్లిదండ్రులు వాటినే ఎంచుకుంటున్నారు అన్నది రెండో అభ్యంతరం. నిజమే. అయితే వారు ఎంచుకున్నదాంట్లో చదువు ఎంత, ఇంటి ముందు ఆగే బస్సు ఎంత? దూరం తగ్గితే చదువు ఎలా పెరుగుతుందో బీహార్ చూపింది. 2006 నుంచి అక్కడ తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిళ్లిచ్చారు. కార్తీక్ మురళీధరన్, నిశీత్ ప్రకాశ్ చేసిన అధ్యయనంలో, ఉన్నత పాఠశాలలో తగిన వయసు ఆడపిల్లల చేరిక 32 శాతం పెరిగిందని, మగపిల్లలతో ఉన్న తేడా 40 శాతం తగ్గిందని తేలింది. బడి మూడు కిలోమీటర్లకు మించి దూరమున్న ఊళ్లలోనే ఈ మేలు ఎక్కువ. బడి అదే, టీచరు అతడే, దారి ఒక్కటే మారింది. పైగా ఫీజు కట్టగల ఇంటి బిడ్డనే పసుపు బస్సు ఎక్కించుకుంటుంది. కట్టలేని ఇంటి బిడ్డకు, ఎత్తి ఎక్కించవలసిన బిడ్డకు అది ఆగదు.

మూడోది, సదుద్దేశంతో వచ్చే అభ్యంతరం. ఇటువంటి పిల్లలకు ప్రత్యేక పాఠశాలే మేలు కదా, ఇంటి దగ్గర చదువే సుఖం కదా అని. కొందరికి అది నిజం. విద్యాహక్కు చట్టం కూడా 2012 సవరణతో, తీవ్రమైన వైకల్యం, బహుళ వైకల్యం ఉన్న బిడ్డకు ఇంటి దగ్గర చదువును ఎంచుకునే వీలిచ్చింది. బధిరులకు సంజ్ఞా భాష నడిచే ప్రత్యేక బడిలో దొరికే సాహచర్యం విలువైనది. కానీ ఎంపిక అనేది రెండు దారులూ తెరిచి ఉన్నప్పుడే ఎంపిక. బండి లేక, ర్యాంపు లేక, టీచరు లేక ఇంట్లో ఉన్న బిడ్డ ఇంటి చదువును ఎంచుకున్నట్టు లెక్క రాసుకోవడం తగదు. తోటి పిల్లలకు కూడా నష్టమే. పక్క బెంచీలో కళ్లు కనబడని నేస్తం లేని తరగతి, మనిషిని పూర్తిగా చూడటం నేర్పలేని తరగతి.

కనుక ఒక పని అడుగుతాను. కొత్త చట్టం అక్కరలేదు, కొత్త పథకం పేరు అక్కరలేదు. ప్రతి మండలంలో ఏటా వేసవి సెలవుల్లో, బడులు తెరవకముందే, ఒకే పుస్తకం తయారుకావాలి. అందులో ప్రతి బిడ్డకూ ఒక పేజీ. ఇంటి నుంచి బడి దాకా వానాకాలంలో నడిచే దారి ఎంత, మధ్యలో వాగు ఉందా, హైవే ఉందా, వెంట రాగలవారు ఎవరు, కోతల్లో ఎవరు, బిడ్డకు కావలసిన ఉపకరణం ఏమిటి, ప్రత్యేక టీచరు వారంలో ఎన్ని రోజులు, ఏ గదిలో, ఆ గదికి చక్రాల కుర్చీ నిజంగా పోతుందా. విద్యాశాఖాధికారి, భవిత కేంద్రం ఉపాధ్యాయులు, ఇంజనీరు, ఆర్టీసీ డిపో, పంచాయతీ, తల్లిదండ్రుల కమిటీ ఆ పుస్తకం ముందు ఒకేసారి కూర్చోవాలి. బస్సు వేళలు, గది మరమ్మతులు, టీచరు తిరిగే రోజులు అన్నీ ఆ పేజీల నుంచే పుట్టాలి. సమీక్షలో అడగవలసిన ప్రశ్న ఎన్ని ర్యాంపులు కట్టారు, ఎంత భత్యం ఇచ్చారు అని కాదు. ఈ పుస్తకంలోని ఏ పేజీ బిడ్డ నిన్న బడికి రాలేదు, ఎందుకు రాలేదు అని.

ఒకనాటి పంతులుకు ఇలాంటి పుస్తకం అక్కరలేదు. ఎవరి పిల్ల రాలేదో ఆయనకు ముఖాలు చూస్తేనే తెలిసేది, సాయంత్రం ఆ ఇంటి మీదుగా పోయి అడిగేవాడు. బడి పెద్దదయ్యాక ఆ ఎరుక చెదిరి మూడు కార్యాలయాల ఫైళ్లలోకి పోయింది. ఆయన కాళ్లతో చేసిన పనిని మనం ఒక బండితో, ఒక గదితో, ఒక టీచరుతో కలిపి చేయాలి. ఈ జూన్‌లో బడులు తెరిచేనాటికి ఈ మండలంలో ఆ పుస్తకం మొదటి పేజీ రాస్తే, ఆ పంతుళ్ల స్మృతికి అదే తగిన స్మారకం.